ఎండాకాలం సెలవులల్ల పని చేద్దామనుకుంటున్న, మాకు తెలిసినోళ్లెవ్వరు లేరు.. ఎవరిని ఎట్ల అడగాలె?

కనగల్ పిలగాడు:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ దగ్గర కనగల్ మండలం. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ పరీక్షలు అయిపోయినయ్. డిగ్రీకి దోస్త్‌ల, అంటే ఆన్‌లైన్ అడ్మిషన్ల వెబ్‌సైట్‌ల అప్లై చేస్త, క్లాసులు మొదలయ్యేదాక ఖాళీనే. ఊకె ఇంట్ల కూసునే బదులు ఏదన్న పని చేస్తే నల్లగొండల రూం అడ్వాన్సుకు, బుక్కులకు పైసలైతయి, బాపు మీద భారం పడదు. మాకు రెండెకరాల పొలం, కొంత బత్తాయి తోట ఉన్నది, ఈసారి కాయ సరిగ్గ పట్టలే, బాపు నోరు తెరిచి ఏమనడు గని నాకు కనిపిస్తనే ఉన్నది.

సమస్య ఏందంటే పని ఎట్ల దొరుకుతదో సమజైతలేదు. నా క్లాస్‌మేట్ ఒకడు వాళ్ల మేనమామ చెప్తే బట్టల షోరూంల బిల్లింగ్ కౌంటర్ మీద చేరిండు. ఇంకొకని అన్న ఫోటోగ్రాఫర్, పెళ్లిళ్ల సీజన్ కదా, వాని ఎంబడి లైట్లు పట్టుకుని పోతుండు. నేను ఎవరినడిగినా "తెలిసినోళ్లుంటే చెప్పిచ్చుకో" అంటున్నరు. మా ఇంట్ల ఇంటర్ దాక వచ్చింది నేనే ఫస్టు. చుట్టాలంత వ్యవసాయం, కైకిలి, ఒక చిన్నాయన హైదరాబాద్‌ల ఆటో నడుపుతడు. మాకు నెట్‌వర్క్ ఏడికెళ్లి వస్తది? యూట్యూబ్‌ల చూసి లింక్డ్‌ఇన్ ఖాతా తెరిచిన, అండ్ల అంత బెంగుళూరు సాఫ్ట్‌వేరోళ్లే కనిపిస్తున్నరు, నల్లగొండల రెండు నెలలు పని ఇచ్చేటోళ్లు ఎవ్వరు లేరు. గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజార్ దాక దుకాణం దుకాణం తిరిగి "పనేమన్న ఉన్నదా అన్నా" అని అడిగిన, తల కూడ ఎత్తకుంట లేదు పో అన్నరు.

ఇంకోటి, నాకు 18 ఏండ్లు జూన్‌ల నిండుతయి, అందుకని డెలివరీ పనులకు తీసుకోరు, బండి లైసెన్స్ కూడ లేదు. లెక్కలు మంచిగ వస్తయి, ఫోన్‌ల తెలుగు స్పీడ్‌గ టైప్ చేస్త, ఎక్సెల్ కొంచెం కొంచెం వచ్చు. కొత్తోళ్లతోని మాట్లాడాలంటే మాత్రం గొంతు ఎండుకపోతది. ఎవరినడగాలె, ఏమని అడగాలె, జర వివరంగ చెప్పుండ్రి.

నల్లగొండ నెట్ సెంటర్:

తమ్మీ, నాది నల్లగొండలనే ఇంటర్నెట్, జిరాక్స్ దుకాణం. పని ఇచ్చేటోని దిక్కు నుంచి చెప్త, విను.

నీ తీరుగ అడిగేటోళ్లు ఎండాకాలం వచ్చిందంటె రోజూ ఎవరో ఒకరు వస్తనే ఉంటరు. పన్నెండు గంటలకు కౌంటర్ ముంగట జనం మీద జనం ఉంటరు, ఒకాయన ఆధార్ జిరాక్స్ అంటడు, ఒకామె కులం సర్టిఫికెట్‌కు అప్లికేషన్ అంటది, గప్పుడు వెనకనుంచి ఎవరో "అన్నా పని ఉన్నదా" అంటే మా నోట్లకెళ్లి లేదు అనే వస్తది. నువ్వెవరో తెల్వదు, నీకేమొచ్చో తెల్వదు, ఎన్ని రోజులుంటవో తెల్వదు. అంత ఆలోచించే తీరిక ఆ నిమిషంల ఎవ్వనికుండదు, నువ్వు మనసుకు తీసుకోకు.

నిరుడు నా దగ్గర చేసిన పిలగాడు ఎట్ల వచ్చిండో చెప్త. మధ్యాహ్నం మూడింటికి వచ్చిండు, ఎండకు బజార్ల పిట్ట కూడ ఉండదు ఆ టైంల. వచ్చి, "అన్నా నేను డిగ్రీ ఫస్టియర్, నా దోస్త్ అప్లికేషన్ నేనే పెట్టుకున్న, మా ఊరోళ్లయి కూడ పెట్టిన, మీ దగ్గర మే నెలల రద్దీ ఉంటది కదా, ఏప్రిల్ ఆఖరు నుంచి కాలేజ్ తెరిచేదాక పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాక రాగల్గుత, మా ఊరి ఫలాన సారు మీకు ఎరుకనే, ఆయనను అడుగుండ్రి నా గురించి" అన్నడు. గంతే. ఆ సారు పిల్లల బోనఫైడ్‌లు మా దగ్గరనే ప్రింట్ తీపిస్తడు, ఫోన్ చేస్తే మంచోడే అన్నడు. మర్నాడు పిలిచి ఒక అమ్మాయి అప్లికేషన్ నింపమన్న, నేను పక్కకు నిలబడి చూసిన. పేరు టైప్ చేసే ముందు టెన్త్ మెమో ఆమె చేతికిచ్చి "అక్కా, ఒక్కో అక్షరం చదువు" అన్నడు. హాల్ టికెట్ నంబర్ కొట్టినంక మళ్ల మొదటికెళ్లి సరిచూసుకున్నడు. ఆధార్‌కు లింకున్న ఫోన్ దగ్గరున్నదా అని ముందే అడిగిండు, ఎందుకంటె ఓటీపీ దానికే వస్తది, అది ఇంటికాడ మరిచొస్తే మళ్ల బస్సెక్కి పోవుడే. ఫీజు 200 కట్టినంక రసీదు ప్రింట్ తీసి ఆమె చేతిల పెట్టి ఇది పారెయ్యకు అని చెప్పిండు. ఇగ నాకు వేరే ఇంటర్వ్యూ అక్కెర లేకుండె. వెబ్ ఆప్షన్లల్ల కాలేజీల వరుస అటిటయితే పిల్ల బతుకే అటిటయితది, గా పనికి జాగ్రత్త ఉన్నోడే కావాలె.

నువ్వు కూడ నీకేమొచ్చు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాక ఉంటవ్, నీ గురించి ఎవరినడగాలె, ఈ మూడు ముచ్చట్లు ఒక్క దమ్ముల చెప్పు. గొంతు ఎండుకపోతదన్నవ్ కదా, ముందు ఇంట్ల మీ అవ్వ ముంగట నాలుగుసార్లు అనుకో. ఇంకొక సంగతి, రద్దీ మొదలైనంక రాకు, రెండు వారాల ముందు రా. మాకు ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్, దోస్త్ మొదలైతే రద్దీ. స్కూల్ బుక్కుల దుకాణాలకు, యూనిఫాం కుట్టేటోళ్లకు జూన్ ముంగట. ఏసీ, కూలర్ రిపేరోళ్లకు ఏప్రిల్ నుంచే, వాళ్లకు సామాన్లు అందిచ్చేటోడు దొరకక ఫోన్లే ఎత్తరు. ఎవరికి ఎప్పుడు చెయ్యి తక్కువ పడ్తదో చూసి ఆ ముందు పో.

మర్రిగూడ రాజు:

ఇయన్ని చెప్పుకోనీకె బాగుంటయి గని పైరవీ లేంది ఈ జిల్లాల ఏ పని కాదు తమ్మీ. నా డిగ్రీ అయి ఎన్ని దినాలైంది, ఎంతమందికి బయోడేటా ఇచ్చిన, ఒక్కడు పిల్వలే. నాయకుల ఎంబడి తిరిగేటోని కొడుక్కు మాత్రం వెంటనే దొరికింది. కష్టపడి చదువుకున్నోనికి ఏం లేదు.

పాలమూరు అక్క:

రాజన్నా, నీ బాధ నిజమే, పర్మనెంటు కొలువుల కాడ అట్ల అయితున్నది, నేను కూడ చూస్తున్న. ఈ తమ్ముడు అడిగేది రెండు నెలల పని. దీనికి ఏ నాయకుడు అక్కెర లేదు, నమ్మకంగ ఉంటడు అని ఒక్కరు చెప్తే చాలు. ఆ ఒక్కరు ఎవరైనా కావొచ్చు.

తమ్ముడూ, మాది జడ్చర్ల దిక్కు. మా నాయిన బతుకుదెరువుకు పుణెకు పోయేటోడు, ఇంటికాడ మా అమ్మ, నేను, తమ్ముడు. మాకు తెలిసినోళ్లు ఎవరు అంటే నేను కూడ ఎవ్వరు లేరనే అంటుంటి. కానీ మా అమ్మ మహిళా సంఘంల ఉన్నది, నెలనెలా పొదుపు కడ్తది, బ్యాంకు అప్పు కూడ టైంకు కడ్తది. ఆ సంఘం లీడరుకు మా మండలంల తెల్వనోళ్లు లేరు. యాసంగి వడ్లు కోతకొస్తున్నయి, ఊళ్లె మహిళా సంఘమోళ్లు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ పెడ్తరని తెలిసి అమ్మ మీటింగ్‌ల "మా బిడ్డకు లెక్కలొస్తయి, ట్యాబ్ కొట్టొస్తది, సెంటర్‌ల ఏమన్న సాయం కావాల్నా" అని అడిగింది. ఊళ్లె సంఘాల లెక్కలు చూసే వీవోఏ అక్క మర్నాడే రమ్మన్నది, ఆమెకు కూడ ఒక్కతికి చాతనైతలేకుండె.

పని ఏందంటే రైతు పట్టాదార్ పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు రాసుకునుడు, ఎవరి వడ్లు ముందొచ్చినయో సీరియల్ రాసుడు, కాంట అయినంక బస్తాల లెక్క, లారీ ఎక్కినంక ట్రక్ షీట్. తేమ మిషన్‌ల 17 శాతం దాటితే తీస్కోరు, ఇంకో రోజు ఆరబొయ్యాలె, అది రైతుకు చెప్పుడే అన్నిట్లకెళ్ల కష్టం. ఒక ముసలాయన వానొస్తదేమో అని రాత్రంత కుప్పకాడనే పండుకున్నడు, పొద్దున మిషన్ పెడ్తే 18 దాటింది, ఆయన నా మొఖం చూసిండు, నేను ఏం చెప్పాలె? మళ్ల సాయంత్రం పెట్టి చూస్త తాతా అని చెప్పి సీరియల్ పోకుంట రాసిపెట్టిన. సాయంత్రం కాంట అయింది. ఆ తాత తరువాత ఊళ్లె అందరికి నా గురించి చెప్పిండు. ఆ సెంటర్‌కు వచ్చే రైస్ మిల్లు గుమస్తా నా రాత చూసి, మరుసటేడు వాళ్ల బంధువుల బుక్ స్టాల్‌ల బిల్లింగ్‌కు పిలిచిండు, మహబూబ్‌నగర్‌ల. అంటే ఒక పనే ఇంకో పనికి తొవ్వ చూపిస్తది. ఇప్పుడు నాకు పాలమూరుల ఎవ్వరు తెల్వదు అనే మాటనే లేదు.

అందుకని మీ అవ్వ సంఘంల ఉంటే ముందు ఆమెను అడుగు. మగపిల్లగాండ్లకు ఇది తట్టదు, అమ్మోళ్లకు ఊళ్లె, మండలంల ఎంతమంది ఎరుకనో ఎవ్వరు లెక్కపెట్టరు. ఈ పోస్టు చదివే చెల్లెండ్లకు ఇంకో మాట, కొత్త దుకాణంల చేరేముందు అక్కడ ఇంకో ఆడామె పని చేస్తున్నదా, సాయంత్రం ఎన్నింటికి ఇడిసిపెడ్తరు, బస్సు ఉన్నదా ఇయన్ని మొహమాటం లేకుంట అడుగుండ్రి, అడిగినందుకు పని ఇయ్యనోని దగ్గర పనే వద్దు.

రిటైర్డ్ లెక్చరర్, మిర్యాలగూడ:

బిడ్డా, నీ పోస్టు చదివాను, పైన వాళ్లిద్దరూ చాలా మంచిగా చెప్పారు. నేను ఇంకొంచెం కలుపుతాను.

అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లను కలిసి, ఈ పని మీకు ఎవరు చెప్పారు, ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారు అని అడిగాడు. 1973లో దాని మీద వ్యాసం రాశాడు. పరిచయం ద్వారా పని దొరికినవాళ్లలో, ఆ చెప్పిన మనిషిని వారానికి రెండుసార్లో అంతకన్నా ఎక్కువో కలిసేవాళ్లు 100కు 17 మంది. ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్లు 56 మంది దాకా, ఏడాదికి ఒక్కసారీ కలవనివాళ్లు, కలిసినా ఒక్కసారే కలిసేవాళ్లు 28 మంది దాకా. కారణం ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. రోజూ నీతో ఉండేవాళ్లకు తెలిసిన సంగతులన్నీ నీకూ తెలిసినవే. నీ చుట్టాలు, నీ దోస్తులు అందరూ ఒకే బావిలో నీళ్లు తోడుతున్నారు. ఎప్పుడో కలిసే మనిషి వేరే చోట తిరుగుతాడు కాబట్టి నీకు తెలియని కబురు అతని దగ్గరుంటుంది. అక్కడ ఆయన అడిగింది ఆఫీసు ఉద్యోగాల వాళ్లను, మన బజారు పనులకు ఆ అంకెలు అట్లాగే అతకవు, కానీ మాటలో బలం ఉందని నేను ఇన్నేళ్లు పిల్లలను చూసి నమ్ముతున్నాను.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. మాకు తెలిసినవాళ్లు లేరు అన్నావు. మీ నాన్న ఏటా ఎరువులు, విత్తనాలు ఎక్కడ తెస్తాడు? ఒకే దుకాణంలో ఖాతా ఉండి ఉంటుంది కదా. ఆ దుకాణాయనకు మీ ఇల్లు, మీ మాట, మీ నాన్న బాకీ తీర్చే పద్ధతి అన్నీ తెలుసు. మే ఆఖరు నుంచి పత్తి విత్తనాలకు రైతులు ఎగబడతారు. ఎరువుల బస్తా అమ్మాలంటే ఈపాస్ మిషన్‌లో ఆధార్ నంబర్ కొట్టి వేలిముద్ర వేయించాలి, బిల్లు ఇవ్వాలి, స్టాక్ లెక్క తేలాలి. లెక్కలు వచ్చి తెలుగు రాయగలిగిన కుర్రవాడు ఆ నెలలో వాళ్లకు బంగారం. మీ బత్తాయి కొనే వ్యాపారి ఉంటాడు, ఆయన దగ్గర కాయల లెక్క రాసే మనిషి ఉంటాడు. టెన్త్ చెప్పిన సారు, మీ కాలేజీ లైబ్రేరియన్, పాల కేంద్రం ఆయన, నువ్వు రెండేళ్లు ఎక్కిన బస్సులో రోజూ నీ పక్కన కూర్చున్న నల్లగొండ ఉద్యోగి. వీళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయి. వాళ్ల దగ్గర పని ఉందా అని కాదు, "మీకు తెలిసినచోట ఎవరికైనా మనిషి కావాలంటే నా పేరు చెప్పండి సార్" అని అడుగు. పని ఇమ్మంటే లేదనడం సులువు, మాట చెప్పమంటే ఎవరూ కాదనరు.

వయసు సంగతి కూడా చెప్పాలి. 14 నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు, 1986 చట్టాన్ని 2016లో సవరించి ఈ మాట చేర్చారు. అదే చట్టం ప్రకారం ఈ వయసు వాళ్లకు విరామంతో కలిపి రోజుకు 6 గంటలకు మించి పని ఉండకూడదు, మూడు గంటల తర్వాత గంట విరామం ఇవ్వాలి, రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు. కాబట్టి జూన్‌లో నీకు 18 నిండేదాకా బాయిలర్ ఉన్న మిల్లులోకి, క్వారీలోకి, పటాకుల గోదాంలోకి ఎంత ఇస్తామన్నా పోవద్దు. ఎరువుల దుకాణంలో చేరినా కౌంటర్, బిల్లింగ్ వరకే అని ముందే చెప్పు, పురుగుమందు డబ్బాల లోడింగ్ నీ పని కాదు. మా మిర్యాలగూడలో రైస్ మిల్లులు ఎన్నో ఉన్నాయి, అక్కడ ఆఫీసు లెక్కల పని అయితే ఆలోచించు, అది కూడా పగటిపూటే.

కనగల్ పిలగాడు:

అందరికీ చానా థ్యాంక్స్. లెక్చరర్ సార్, మీరు చెప్పినంక కాగితం మీద రాస్తే నేననుకున్నదానికంటె ఎక్కువ పేర్లే వచ్చినయ్. అవ్వ సంఘంల ఉన్నది అక్కా, కానీ మా ఊరి సెంటర్‌కు ఆల్రెడీ మనుషులున్నరంట, పక్కూరిది అడిగి చెప్త అన్నరు.

బాపును తీసుకుని ఎరువుల దుకాణం కాడికి పోయిన. ముందు బాపుకు ఇష్టం లేకుండె, "మనం బాకీ ఉన్నోళ్లం, పని అడిగితే ఏమనుకుంటడో" అన్నడు. నేనే మాట్లాడిన, నెట్ సెంటర్ అన్న చెప్పినట్టు మూడు ముచ్చట్లు చెప్పిన. సేటు బాపు దిక్కు చూసి "నీ కొడుకా, ఇంతైండా" అన్నడు, నాతోని ఒక బిల్లు కూడిపిచ్చిండు, జీఎస్టీ కలిపి సరిగ్గనే చెప్పిన. తర్వాత "చూద్దాం తీ, విత్తనాలు రానీ" అన్నడు. ఇప్పుడు అది ఉన్నట్టా లేనట్టా? మళ్ల ఫోన్ చేస్తే విసుక్కుంటడా?

ఇంకోటి, టెలిగ్రాంల ఒక గ్రూపుల ఇంటికాడ కూసోని డేటా ఎంట్రీ అని పెట్టిండ్రు, ఐడీ కార్డుకు రిజిస్ట్రేషన్ ఫీజు 1500 కట్టమంటున్నరు, మొదటి జీతంల వాపస్ ఇస్తమని చెప్తున్నరు. మా దోస్తు కడ్దామంటుండు. కట్టొచ్చా?

పోలేపల్లి షిఫ్టు:

కట్టకు తమ్ముడూ, ఒక్క రూపాయి కట్టకు, మీ దోస్తుకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. నేను జడ్చర్ల కాడ పోలేపల్లి సెజ్‌ల ఒక మందుల కంపెనీల చేస్త, మా దగ్గరికి కాంట్రాక్టర్ కింద వచ్చే పిలగాండ్లల్ల ఇట్ల పోగొట్టుకున్నోళ్లు మస్తుమంది. పని ఇచ్చేటోడు నీకు పైసలియ్యాలె గని నీ దగ్గర తీస్కోడు. ఈ టెలిగ్రాంగాళ్ల పద్ధతి ఏందంటె ముందు చిన్న టాస్క్ ఇచ్చి, వీడియోకు లైక్ కొట్టు, హోటల్‌కు రేటింగ్ ఇయ్యి అని, రెండు మూడొందలు నిజంగనే ఖాతాల ఏస్తరు. నమ్మకం కుదిరినంక ప్రీపెయిడ్ టాస్క్ అని వెయ్యి, ఐదువేలు, ఇరవైవేలు కట్టిపిస్తరు, స్క్రీన్ మీద లాభం పెరిగినట్టు చూపిస్తరు, తీసుకుందామంటె టాక్స్ కట్టు అంటరు. అట్ల పోయినోళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగ ఫోన్ చేస్తే అంత మంచిది, పైసలు వేరే ఖాతాలకు మారకముందే ఆపే అవకాశం ఉంటది. ఇంకో మోసం కూడ ఉన్నది, నీ బ్యాంక్ ఖాతా, ఏటీఎం కార్డు కొన్ని రోజులు కిరాయికియ్యి కమీషన్ ఇస్తం అంటరు. అది అస్సలు చెయ్యకు, వాళ్ల దొంగ సొమ్మంత నీ ఖాతాల నుంచి పోతది, పోలీసులు మొదలు నీ ఇంటికే వస్తరు.

ఇగ సేటు "చూద్దాం" అన్నది. బిల్లు కూడిపిచ్చి చూసిండంటె ఆయన మనసుల ఉన్నట్టే. లేని మనిషి అంత సేపు నిలబెట్టుకోడు. కానీ విత్తనాలొచ్చేనాటికి నీ ముచ్చట మర్చిపోతడు, అప్పుడు ఎవడు ముంగటుంటే వాణ్ని పిలుస్తడు. అందుకని ఇప్పుడే చిన్న వాట్సాప్ మెసేజ్ పెట్టు. "నమస్తే సేట్, నేను ఫలానా ఆయన కొడుకును, మొన్న బాపుతోని వచ్చిన. మే 15 నుంచి కాలేజ్ తెరిచేదాక రోజు రావడానికి తయారుగ ఉన్న. స్టాక్ దిగే రోజు చెప్తే పొద్దున్నే వస్త" అని, గంతే. మళ్ల మే మొదట్ల బాపు ఎట్లనో ఓసారి పోతడు కదా, ఎంబడి పో, కనపడు. రోజు ఫోన్ చేస్తే విసుక్కుంటడు, పది పదిహేను రోజులకోసారి కనపడితే ఎవ్వడు విసుక్కోడు. ఆ లోపట ఖాళీగ కూసోకు, కాగితం మీద రాసుకున్న మిగతా పేర్లన్ని అడుగుకుంట పో. ఎవరన్న నీకోసం ఒక మాట చెప్తే, పని దొరికినా దొరకకున్నా వాళ్లకు కబురు చెప్పు. మా పిలగాండ్లు ఇదొక్కటి చెయ్యరు. నేను ఇద్దరు ముగ్గురిని మా కాంట్రాక్టర్‌కు చెప్పి చేర్పిచ్చిన, చేరినమన్నా అని కూడ ఫోన్ లేదు, ఇంకోసారి చెప్పబుద్ధి కాదు కదా. ఒకడు మాత్రం మానేసేటప్పుడు కూడ వారం ముందు చెప్పి పోయిండు, వానికైతే ఏడ చాన్సున్నా ముందు వానికే ఫోన్ చేస్త.

18 నిండినంక మా దిక్కు వస్తనంటె అడుగు, షిఫ్టులు, హాస్టల్, పీఎఫ్ కటింగ్ అన్ని చెప్త. ఇప్పుడైతే వద్దు, ఆధార్‌ల తారీఖు చూసి గేట్ల కాడనే ఆపుతరు. తారీఖు మార్పిస్తం అనే ఏజెంట్లుంటరు, వాళ్ల మాట వినకు.

మర్రిగూడ రాజు:

పాలమూరు అక్క, మీరు చెప్పింది చదివిన. మా అమ్మ కూడ సంఘంల ఉన్నది, నాకు ఈ సంగతే తట్టలే. అడిగి చూస్త. కనగల్ తమ్మీ, నీకు పక్కూరి సెంటర్ దొరకకపోతే చెప్పు, మా మండలం దిక్కు వీవోఏ నంబర్ తీసి మెసేజ్ చేస్త.

నల్లగొండ నెట్ సెంటర్:

తమ్మీ, సేటు పిలిస్తే ఎగిరి గంతేసి ఊ అనకు, జీతం మాట ముందే మాట్లాడుకో. మా బజార్ల "మనోడే కదా, చూసి ఇస్తం తీ" అంటరు, ఆఖరుకు బాపు బాకీల కోసుకున్నమంటే నువ్వు ఏమనలేవు, బాపు ఏమనలేడు. ఖాతా ఉన్న దుకాణం కాబట్టి ఇది ఇంకా జాగ్రత్తగ చూసుకోవాలె. "సేట్, బాపు ఖాతా వేరే, నా జీతం వేరే, నెలకు ఎంత, ఏ తారీఖుకు ఇస్తరు" అని మర్యాదగ అడుగు. చేరినరోజు నుంచి వచ్చిన టైం, పోయిన టైం ఒక చిన్న నోటుబుక్కుల రాసుకో. కౌంటర్ కాడ క్యాష్ నీ చేతికిస్తే, సాయంత్రం లెక్క సేటుకు చూపిచ్చి ఆయన ముంగటనే అప్పజెప్పు, తక్కువ పడ్తే నీ మీదికి రావొద్దు.

ఆధార్, టెన్త్ మెమో జిరాక్సులు ఇయ్యి, వాటి మీద ఈ దుకాణంల పని కోసం అని రాసి తారీఖు ఎయ్యి. ఒరిజినల్ మెమో ఎవరడిగినా ఇయ్యకు, దోస్త్ సీటొచ్చినంక కాలేజ్‌ల రిపోర్ట్ చేసేటప్పుడు అదే చేతిల ఉండాలె, ఆ రోజు సేటు ఊళ్లె లేకపోతే నువ్వు బీరువా ముంగట నిలబడి ఏం చేస్తవ్? నీ అప్లికేషన్ పెట్టేటప్పుడు మా దగ్గరికి రా, మధ్యాహ్నం మూడు తర్వాత వస్తే ఖాళీగ ఉంట, నీ చేతులతోనే నింపుదువు గని.